మెగామ్యాన్ 2 డిఫికల్ట్ మోడ్: మెటల్ మ్యాన్‌తో మొదలెట్టాలా, ఎయిర్ మ్యాన్‌తోనా?

సగంలైఫ్_సాంబ
లెగసీ కలెక్షన్‌లో (పాత మెగామ్యాన్ ఆటల సంకలనం) మెగామ్యాన్ 2, డిఫికల్ట్ మోడ్. ఎవర్నడిగినా ఒకటే వరస చెబుతున్నారు: మెటల్, బబుల్, హీట్, వుడ్, ఎయిర్, క్రాష్, ఫ్లాష్, క్విక్. బాస్‌ని చంపితే వాడి ఆయుధం మనకొస్తుంది, ఒకడి ఆయుధం తర్వాతివాడికి మొగుడు, సరే. మెటల్, బబుల్ పోయారు. హీట్ మ్యాన్ స్టేజీలో కనిపించి మాయమయ్యే దిమ్మెల దగ్గర బండి ఆగిపోయింది. బాస్ మొహం చూడకుండానే లైఫ్‌లన్నీ అక్కడే సమర్పయామి. వరస తప్పా, చెయ్యి తప్పా?

ఇంకో డౌటు. కింద బాణం పట్టుకుని జంప్ నొక్కితే స్లైడ్ పడట్లేదు, మామూలు జంపే వస్తోంది. కంట్రోలర్ పోయిందా?

కాసెట్టు_ఊదు
స్లైడ్ వచ్చింది మూడో భాగంలో. బటన్ పట్టుకుని పెద్ద గుండు వదలడం నాలుగులో. ఇందులో రెండూ లేవు. కంట్రోలర్‌ని ఏమనకు పాపం.

గుండుసూది
చెయ్యి బాగానే ఉంది, వరసే తప్పు. ఆయుధాల చక్రం ఒక్కటే చూసి రాసిన వరస అది. ఐటెమ్‌లని మర్చిపోయారు. హీట్ మ్యాన్ చస్తే ఐటెమ్-1, ఎయిర్ మ్యాన్ చస్తే ఐటెమ్-2, ఫ్లాష్ మ్యాన్ చస్తే ఐటెమ్-3 వస్తాయి. ఐటెమ్-2 అంటే గాల్లో దూసుకెళ్ళే పలక. దాని మీద నిలబడితే నిన్ను ఇబ్బంది పెడుతున్న దిమ్మెల మీద అసలు కాలు పెట్టక్కర్లేదు. అంటే హీట్ మ్యాన్ దగ్గరికి వెళ్ళేలోపు ఎయిర్ మ్యాన్ చచ్చి ఉండాలి. నీ వరసలో ఎయిర్ అయిదోవాడు.

నా వరస: ఎయిర్, క్రాష్, ఫ్లాష్, క్విక్, మెటల్, బబుల్, హీట్, వుడ్. చక్రం అదే, మొదలెట్టే చోటే వేరు.

బంతి_భాస్కర్
గుండుసూది చెప్పింది కాగితం మీద బాగుంది గానీ, మెటల్ బ్లేడ్ లేకుండా నాలుగు స్టేజీలా? క్రాష్ మ్యాన్ టవర్ ఎక్కుతుంటే పైనుంచీ పక్కనుంచీ వచ్చేవాటిని నేరుగా మాత్రమే పేలే తుపాకీతో కొట్టడం డిఫికల్ట్‌లో నరకం. మెటల్ బ్లేడ్ 8 దిక్కులా వెళ్తుంది. 4 విసిరితే 1 గీత ఖర్చు. 28 గీతల బార్ అంటే 112 బ్లేడ్లు. ఆటలో ఇంత చవక, ఇంత పనికొచ్చే సరుకు ఇంకోటి లేదు. ముందు మెటలే.

గుండుసూది
@బంతి_భాస్కర్ సాంబ దగ్గర మెటల్, బబుల్ ఆల్రెడీ ఉన్నాయి. వాటిని వదిలెయ్యమని అన్లేదు. సాంబా, నువ్వున్న చోటు నుంచి: స్టేజ్ సెలెక్ట్‌కి వెళ్ళు, ఎయిర్ మ్యాన్‌ని మామూలు తుపాకీతో కొట్టు, క్రాష్ మ్యాన్‌ని ఎయిర్ షూటర్‌తో, ఆ తర్వాత ఐటెమ్-2తో హీట్. అంతే.

బంతి_భాస్కర్
ఇప్పుడు దారికొచ్చావ్.

సగంలైఫ్_సాంబ
ఎయిర్ మ్యాన్ మీద మెటల్ బ్లేడ్ పనిచేస్తుందా?

కాసెట్టు_ఊదు
గీత కూడా కదలదు. తుపాకీయే.

రావులపాలెం_రోబో
ఎయిర్ మ్యాన్ గురించి కాస్త వివరంగా. అతను ఒక్కసారికి 6 సుడిగాలులు వదుల్తాడు. అవి తెర మీద అక్కడక్కడ ఆగుతాయి, తర్వాత ఫ్యాన్ గాలి పెట్టగానే అన్నీ నీ వైపు కొట్టుకొస్తాయి. ఆ గాలి నిన్ను కూడా వెనక్కి తోస్తుంది. జనం చేసే తప్పు ఏంటంటే సుడిగాలి తమ దగ్గరికి వచ్చాక జంప్ చెయ్యడం. అవి ఆగి ఉన్న క్షణంలోనే ఎక్కడ సందుందో చూసుకోవాలి. ఆ సందు కింద నిలబడి, గాలి మొదలవగానే దాంట్లోంచి దూరాలి. కొన్ని అమరికల్లో సందే ఉండదు, దెబ్బ తినక తప్పదు. అప్పుడు తప్పించుకునే ప్రయత్నం మానేసి దగ్గరికెళ్ళి కాల్చు. తుపాకీ దెబ్బకి 2 గీతలు, 28కి 14 దెబ్బలు. అతనికంటే ముందు నువ్వు 14 కొట్టగలిగితే చాలు. తప్పించుకోవడం కంటే ఎదురుదెబ్బ కొట్టడమే లాభం అన్నమాట.

మూడు విడతలు సుడిగాలి వదిలాక అవతలి వైపుకి గెంతుతాడు. ఆ గెంతు కింద నిలబడకు.

చీకటిగది
వుడ్ మ్యాన్ ఆయుధం లీఫ్ షీల్డ్ ఉంటే ఎయిర్ మ్యాన్ 4 దెబ్బలకే పోతాడు కదా. వుడ్ మ్యాన్ ముందు చేస్తే?

గుండుసూది
@చీకటిగది వుడ్ మ్యాన్‌కి మందు అటామిక్ ఫైర్, అది హీట్ మ్యాన్ దగ్గర, హీట్ మ్యాన్ దగ్గరికెళ్ళాలంటే ఐటెమ్-2, అది ఎయిర్ మ్యాన్ దగ్గర. కోడి ముందా గుడ్డు ముందా. ఎక్కడో ఒకచోట తుపాకీతో మొదలెట్టాల్సిందే.

పెద్దపల్లి_ప్లేయర్
ఆ దిమ్మెల కాడ ఐటెమ్-2 లేకుండ కూడ పోవచ్చు భయ్యా, గంత భయం అక్కర్లే. అవి ఇష్టమొచ్చినట్టు రావు, వరస ఎప్పుడూ ఒకటే. ఒక చుట్టు మొత్తం నిలబడి చూడు. దిమ్మె వచ్చినప్పుడల్లా ఒక సప్పుడొస్తది. కన్నుతోటి కాదు, చెవితోటి ఆడాలె. దిమ్మె కనవడ్డంక ఎగిరితే ఆలస్యం. అది వచ్చే జాగ ముందే తెలుసు కాబట్టి సప్పుడుకు కొంచెం ముందే ఎగరాలె, నువ్వు దిగేటప్పటికి దిమ్మె అక్కడ ఉంటది. టీవీ సౌండ్ బంద్ చేసి ఆడేటోళ్ళు ఈడనే పడ్తరు.

బంతి_భాస్కర్
సౌండ్ ఉన్నా ఆడియో ఆలస్యంగా వస్తే పడతారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఈ సెక్షన్ ఆడకండి. సప్పుడు వినిపించేటప్పటికి దిమ్మె వచ్చి కాసేపవుతుంది. వైరు హెడ్‌ఫోన్ గానీ టీవీ స్పీకరు గానీ. టీవీ అయితే గేమ్ మోడ్ ఆన్ చెయ్యాలి, లేకపోతే బొమ్మ కూడా ఆలస్యమే.

గుండుసూది
ఐటెమ్-2 వాడకంలో జనం పోగొట్టుకునేది ఇక్కడ:

అంచు దగ్గర నిలబడి వదలాలి, వెంటనే గెంతి ఎక్కాలి. పలక బయట ఉన్నంతసేపూ బార్ కరుగుతూనే ఉంటుంది, నువ్వు దాని మీద ఉన్నా లేకపోయినా. గోడకి తగిలితే పోతుంది. మధ్యలో మెనూ తెరిచి ఆయుధం మారిస్తే కూడా పోతుంది, కింద లావా. ఆ పొడుగు సెక్షన్‌కి నిండు బార్ దాదాపు సరిపోతుంది. అంటే స్టేజీలో అంతకుముందు ఎక్కడా సరదాకి వదలకూడదు. ఒకసారి చచ్చి మళ్ళీ వస్తే బార్ నిండదు, వాడినంత వాడినట్టే. గేమ్ ఓవర్ అయితేనే నిండుతుంది.

కీబోర్డు_కిట్టయ్య
కీబోర్డు మీద ఆడుతున్నా. ఎమ్యులేటరే (పాత మెషిన్‌లా నటించే సాఫ్ట్‌వేర్). కుడి + పై బాణాలు పట్టుకుని జంప్ కొట్టి బ్లేడ్ విసిరితే ఒక్కోసారి బ్లేడ్ వస్తుంది, జంప్ రాదు. ఒక్కోసారి ఏదీ రాదు. ఎమ్యులేటర్ బగ్గా?

ఎనిమిదిబిట్లు
బగ్ కాదు, కీబోర్డు తీగల అమరిక. మామూలు ఆఫీసు కీబోర్డులో కీలన్నీ అడ్డం, నిలువు గీతల జాలీలా కలిసి ఉంటాయి. ఒకే జాలీలో మూడు మూలలు నొక్కితే నాలుగోదాన్ని గుర్తు పట్టలేక వదిలేస్తుంది. రెండు బాణాలు + స్పేస్ అన్నది పేరుమోసిన పేచీ. నువ్వు నొక్కేది ఏకంగా నాలుగు కీలు.

జంప్, ఫైర్ ఎడమ కంట్రోల్‌కి, ఎడమ ఆల్ట్‌కి మార్చు. ఆ కీలకి చాలా కీబోర్డుల్లో విడిగా తీగ ఉంటుంది. షిఫ్ట్‌కి పెట్టకు. అయిదుసార్లు వరసగా నొక్కగానే విండోస్ వచ్చి స్టిక్కీ కీస్ కావాలా అని అడుగుతుంది, సరిగ్గా ముళ్ళ మీద ఉన్నప్పుడు.

కాసెట్టు_ఊదు
మెగామ్యాన్ తొమ్మిదో బాస్: స్టిక్కీ మ్యాన్. బలహీనత: సెట్టింగ్స్.

కీబోర్డు_కిట్టయ్య
కంట్రోల్, ఆల్ట్ పెట్టా. నాలుగూ పడుతున్నాయి.

ఇంకోటి. మూడు నిప్పుల కుక్కలుండే వుడ్ మ్యాన్ స్టేజీలో ఆట నెమ్మదిస్తోంది, బొమ్మలు మినుకుమినుకుమంటున్నాయి. ల్యాప్‌టాప్ పాతది.

ఎనిమిదిబిట్లు
ల్యాప్‌టాప్‌ది తప్పు కాదు. అసలు నింటెండో మెషిన్‌లోనూ అంతే. ఒక్క అడ్డ వరసలో 8 చిన్న బొమ్మలకంటే ఎక్కువ చూపించలేదు. అంతకు మించితే కొన్ని కనపడవు. అందుకే గేమ్ ప్రతి ఫ్రేమ్‌కీ వరస మార్చి మార్చి గీస్తుంది. ఆ మినుకు దాని ఫలితం. నెమ్మదించడం మాత్రం వేరే విషయం, ఒక ఫ్రేమ్ సమయంలో ప్రాసెసర్ లెక్క పూర్తి చెయ్యలేకపోవడం వల్ల.

మెసెన్ ఎమ్యులేటర్‌లో ఆ బొమ్మల పరిమితి (స్ప్రైట్ లిమిట్) తీసేసే ఆప్షన్ ఉంది, మినుకు పోతుంది. ఓవర్‌క్లాక్‌లో స్కాన్‌లైన్లు కలిపితే నెమ్మదించడం కూడా తగ్గుతుంది. రెట్రోఆర్క్ ఎమ్యులేటర్ అయితే రన్-అహెడ్ 1 ఫ్రేమ్ పెట్టు, బటన్ చురుగ్గా అనిపిస్తుంది. అత్యాశకి పోయి పెంచితే మెగామ్యాన్ నడకలో గెంతులు కనిపిస్తాయి.

పెద్దపల్లి_ప్లేయర్
నెమ్మదించుడు తీసేస్తే ఆట ఇంక కష్టమైతది అన్నా. ఆ స్లో అయ్యే జాగలనే తప్పించుకునే టైం దొరుకుతది. మినుకు తీసెయ్, స్లో మాత్రం ఉంచుకో.

చీకటిగది
డిఫికల్ట్, నార్మల్‌కి అసలు తేడా ఏంటి? శత్రువులు ఎక్కువ వస్తారా?

రావులపాలెం_రోబో
రారు. నార్మల్‌లో నీ దెబ్బకి బలం ఎక్కువ, బాస్‌ల మీద రెట్టింపు. 1988 డిసెంబరులో జపాన్‌లో వచ్చినప్పుడు ఒకే స్థాయి ఉండేది, ఇప్పుడు డిఫికల్ట్ అంటున్నది అదే. మరుసటేడు అమెరికా వెర్షన్‌కి నార్మల్ కలిపారు. అంటే నార్మల్ అనేదే ఈజీ మోడ్, పేరే మోసం.

తేడా కళ్ళకి కట్టేది మెటల్ మ్యాన్ దగ్గర. ఎనిమిది మందీ పోయాక వచ్చే విలన్ విలీ కోటలో మళ్ళీ ఎదురైనప్పుడు అతని బ్లేడే అతని మీద విసిరితే నార్మల్‌లో ఒక్కటి, డిఫికల్ట్‌లో రెండు. యుద్ధం సమాప్తం.

కాసెట్టు_ఊదు
సొంత ఆయుధానికే చచ్చే బాస్. భస్మాసురుడు.

సగంలైఫ్_సాంబ
ఎయిర్ మ్యాన్ అయ్యాడు, రోబో గారు చెప్పినట్టు మీద పడి కొడితేనే. క్రాష్ మ్యాన్ ఎయిర్ షూటర్‌తో 3 దెబ్బలకి కూలాడు, నమ్మలేకపోయా. హీట్ మ్యాన్ స్టేజీ ఐటెమ్-2తో దాటా. బాస్ దగ్గర మాత్రం బబుల్ లెడ్ వేస్తుంటే సగం తగలట్లేదు.

రావులపాలెం_రోబో
దెబ్బ తగలగానే అతను మంటలా చుట్టుకుని నీ మీదకి దూసుకొస్తాడు. ఆ మంట ఉన్నంతసేపు ఏం వేసినా వృథా. వేసిన వెంటనే మీద నుంచి గెంతు, అటు తిరుగు, మామూలు రూపంలోకి వచ్చాక మళ్ళీ ఒక్కటి వెయ్యి. 5 దెబ్బలు చాలు. బుడగ ముందు కింద పడి నేల మీద దొర్లుతుంది కాబట్టి గాల్లోంచి వెయ్యకు, నేల మీద నిలబడే వెయ్యి.

బంతి_భాస్కర్
వుడ్ మ్యాన్ సంగతి కూడా ఇప్పుడే విను. అటామిక్ ఫైర్ పూర్తిగా ఎక్కిస్తే 10 గీతలు పోతాయి. అంటే 28లో రెండుసార్లే. రెండూ తగిలితే పోతాడు, ఒకటి తప్పితే 8 గీతలు చేతిలో పెట్టుకుని దిక్కులు చూడాలి. ఆకుల కవచం చుట్టూ తిరుగుతున్నప్పుడు వెయ్యకు. కవచాన్ని నీ మీదకి విసురుతాడు చూడు, దాని మీంచి గెంతి దిగుతూ వదులు. ఎయిర్ షూటర్ కూడా ఇతని మీద పనిచేస్తుంది, జేబులో ఉందని గుర్తుపెట్టుకో.

చీకటిగది
క్విక్ మ్యాన్ స్టేజీలో లేజర్లు. ఫ్లాష్ మ్యాన్ ఇచ్చే టైమ్ స్టాపర్ (కాలాన్ని ఆపేది) అక్కడ వాడాలా, బాస్ మీదా?

గుండుసూది
బాస్ మీద. డిఫికల్ట్‌లో నిండు బార్ వదిలితే అతని లైఫ్ సరిగ్గా సగం పోతుంది. మిగతా సగం క్రాష్ బాంబర్.

పెద్దపల్లి_ప్లేయర్
బాస్ కాడికి పోతే గదా! లేజర్లకే వాడాలె.

గుండుసూది
లేజర్లు నేర్చుకోవచ్చు. క్విక్ మ్యాన్ పరుగు నేర్చుకోవడానికి వీల్లేదు, ఎటు గెంతుతాడో అతనికే తెలీదు.

బంతి_భాస్కర్
ఇద్దరిదీ నిజమే. లేజర్లు రెండు విడతలు. మొదటిది చేత్తోనే దాటొచ్చు. తెర మారిన క్షణం నుంచే వాటి గడియారం మొదలవుతుంది, ఎప్పుడూ అదే వేగం. కాబట్టి నియమం ఒక్కటే, ఆగకూడదు. పడుతున్నప్పుడే తర్వాతి కన్నం వైపు బాణం పట్టుకుని ఉండాలి. పక్కన ఏదైనా వస్తువు మెరిసిందని అర అడుగు అటేస్తే అంతే. రెండో విడత పొడుగు. టైమ్ స్టాపర్ వాడదల్చుకుంటే అక్కడే, మొదటి దాంట్లో కాదు. ఒకసారి మొదలెడితే మధ్యలో ఆపలేవు, కాల్చలేవు, బార్ అయ్యేదాకా అంతే.

అక్కడే నిప్పు రోబోలుంటాయి, వాటిని చంపితే తెరంతా చీకటి. చీకట్లో నడవడం ఇష్టం లేకపోతే వాటిని బతకనివ్వు. పేరు చూసి నీకు నచ్చుతుందేమో @చీకటిగది.

చీకటిగది
😑

కీబోర్డు_కిట్టయ్య
ఎమ్యులేటర్‌లో లేజర్ల ముందు సేవ్ స్టేట్ పెట్టుకుంటే తప్పా?

కాసెట్టు_ఊదు
తప్పేం కాదు. ఉత్తీర్ణుడవే, ఫస్ట్ క్లాస్ మాత్రం రాదు.

ఎనిమిదిబిట్లు
సేవ్ స్టేట్ కంటే పాస్‌వర్డ్ రాసుకోవడం మంచిది, మెషిన్ మారినా పనిచేస్తుంది. కాసెట్లో బ్యాటరీ లేదు కాబట్టే ఈ ఏర్పాటు. 5 అడ్డం, 5 నిలువు గళ్ళు, అందులో 9 చుక్కలు. 'ఏ' అనే అక్షరం వరసలో ఒక్క చుక్క, అది ఈ-ట్యాంకుల (లైఫ్ నింపేవి) లెక్క: ఏ1 అంటే సున్నా, ఏ5 అంటే 4. మిగతా 8 చుక్కలు ఎనిమిది మంది బాస్‌లవి. ట్యాంకుల సంఖ్య మారితే ఆ 8 కూడా అన్నే గళ్ళు పక్కకి జరుగుతాయి, అందుకే 'ఏ' వరస ఒక్కటి మార్చి ట్యాంకులు కొట్టేద్దామంటే కుదరదు.

ఎనిమిది మందీ పోయి 4 ట్యాంకులతో: ఏ5, బీ2, బీ4, సీ1, సీ3, సీ5, డీ4, డీ5, ఈ2.

విలీ కోటలో ఎంత దూరం వెళ్ళినా పాస్‌వర్డ్ మళ్ళీ కోట మొదటి స్టేజీకే తెస్తుంది.

చీకటిగది
ఒక పక్క ప్రశ్న. పాత కాసెట్లలో "ఇన్ని గేములు ఒకదాంట్లో" అని వచ్చేవి కదా, వాటిల్లో కాంట్రా కనిపించేది, ఇది కనిపించేది కాదు, ఎందుకు?

ఎనిమిదిబిట్లు
సైజు ఒక కారణం అయ్యుండాలి. కాంట్రా 128 కిలోబైట్లు, ఇది 256. పైగా ఎంఎంసీ1 అనే ప్రత్యేక చిప్పు కావాలి. ఆ కాసెట్లలో ఎక్కువ భాగం 40 కిలోబైట్ల చిన్న గేములే, పేర్లు మార్చి వందలుగా లెక్కేసేవాళ్ళు.

సగంలైఫ్_సాంబ
ఎనిమిది మందీ అయిపోయారు. విలీ కోట నాలుగో స్టేజీ చివర గోడలకి తుపాకులు తగిలించిన గది. ఏం వేసినా టంగ్ మని వెనక్కొస్తోంది. క్రాష్ బాంబర్ పనిచేసింది గానీ 4 తుపాకులు పేల్చాక బాంబులు ఖాళీ.

గుండుసూది
అది లెక్కల పరీక్ష. తుపాకులు 5, దారిలో తప్పనిసరిగా పగలగొట్టాల్సిన గోడలు 2. బాంబుకి 4 గీతలు, 28 బై 4 అంటే 7. అయిదూ రెండూ ఏడు. ఒక్కటి గురి తప్పితే చచ్చి రావాల్సిందే. వచ్చినా బార్ నిండదు.

అందుకని: ఆ స్టేజీ మొత్తంలో క్రాష్ బాంబర్‌ని ముట్టుకోకు. గదిలోకి వెళ్ళాక ముందు గోడలు లేకుండా అందే తుపాకుల్ని కొట్టు. బాంబు అంటుకున్నాక కాసేపటికి పేలుతుంది, కాబట్టి వేసి పక్కకి జరుగు. అన్ని తుపాకులూ ఒకేసారి నీ వైపు పేలుస్తాయి. రెండు పేలుళ్ళ మధ్య విరామమే నీ టైము.

బంతి_భాస్కర్
ఐటెమ్-1 మీద ఎక్కి పైనుంచి వెళ్తే గోడ ఖర్చు మిగుల్చుకోవచ్చు. ఒక బాంబు చేతిలో ఉంటే గుండె దడ తగ్గుతుంది.

సగంలైఫ్_సాంబ
ఇప్పుడు బాంబులు లేవు, 3 ఈ-ట్యాంకులున్నాయి. కావాలని గేమ్ ఓవర్ చేసుకుంటే బార్ నిండుతుంది అన్నారుగా?

గుండుసూది
నిండుతుంది. ట్యాంకులు మాత్రం పోతాయి.

సగంలైఫ్_సాంబ
ఆఁ?

పెద్దపల్లి_ప్లేయర్
గందుకే చచ్చేముందు ట్యాంకులు వాడుకోవాలె తమ్మీ. ఎట్లైనా పోయేటియే గదా. వాటితోటి ఆ గదిల బతికి, తుపాకులు ఎప్పుడెప్పుడు పేలుతున్నయో చూస్కో. ప్రాక్టీస్ అయితది. మల్ల గేమ్ ఓవర్ చేస్కో.

రావులపాలెం_రోబో
మళ్ళీ వచ్చేటప్పుడు అదే స్టేజీలో ఉత్తుత్తి నేలలున్నాయి, గుర్తుందిగా. చూడ్డానికి నేల, అడుగేస్తే పాతాళం. ముందు ఒక బబుల్ లెడ్ వెయ్యి. దొర్లుకుంటూ పోయి మధ్యలో పడిపోతే అక్కడ నేల లేదన్నమాట. రెండు బుడగలకి 1 గీతే ఖర్చు, పిసినారితనం వద్దు.

చివరి ఆరో స్టేజీలో మాత్రం పిసినారితనం కావాలి. అక్కడి గ్రహాంతరవాసి మీద పనిచేసేది బబుల్ లెడ్ ఒక్కటే. దారిలో శత్రువులుండరు, పైనుంచి కారే చుక్కలు తప్ప. చంపి ఎనర్జీ తెచ్చుకునే వీల్లేదు.

సగంలైఫ్_సాంబ
అయిదో స్టేజీలో ఎనిమిది మంది మళ్ళీ వస్తారు కదా, ఎవర్ని ముందు?

బంతి_భాస్కర్
ఎవర్నైనా సరే. ఒక్కొక్కడూ చచ్చాక పెద్ద లైఫ్ బిళ్ళ పడుతుంది. దెబ్బలు తినకుండా ముగించగలిగే మెటల్ మ్యాన్‌ని ముందే కొట్టేసి బిళ్ళ వృథా చెయ్యకు. లైఫ్ తగ్గాక అతని దగ్గరికెళ్ళు, రెండు బ్లేడ్లు, బిళ్ళ తీసుకో. బబుల్, ఫ్లాష్ ఇద్దరికీ కూడా మెటల్ బ్లేడే. ఆయుధాల బార్ మాత్రం ఎవరూ నింపరు. అయిపోగానే అదే ఊపులో విలీ మెషిన్ వస్తుంది.

సగంలైఫ్_సాంబ
గేమ్ ఓవర్ చేసుకుని వచ్చా. 5 తుపాకులు, 2 గోడలు, 7 బాంబులు. చివరి బాంబు అంటుకున్నాక అది పేలేలోపు నా లైఫ్ 2 గీతలు. పేలింది.

కాసెట్టు_ఊదు
స్లైడ్ లేకుండానే.